నూలు దారంతో కుట్టిన నాలుగు సంచులు

పాశమైలారంలో మందుల కంపెనీలకు వడపోత సంచులు కుట్టే షెడ్డు ఒకటుంది. ఎనిమిది మిషన్లు, కోత బల్ల ఒకటి, యజమాని వీర్రాజు కూర్చునే అద్దాల గది. అందులో సుకుమారి పనిచేయడం ఇది ఇరవై రెండో ఏడు. పెళ్లయి హత్నూర నుంచి ఇస్నాపూర్ వచ్చిన కొత్తలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. జాకెట్టు బిగువైతే మనిషి వచ్చి పోట్లాడుతుంది, సంచితో ఆ బాధ లేదనుకుని షెడ్డులో చేరింది. సంచికీ పోట్లాట ఉంటుందని తర్వాత తెలిసింది. పొడి మందును ఆరబెట్టే డ్రయ్యర్‌లో వేలాడే సంచికి ఒక్క కుట్టు వదిలినా పొడి బయటికి కారుతుంది. కంపెనీవాళ్లు ఆ సంచిని పట్టుకుని వస్తారు. ప్రతి సంచి మూతి దగ్గరా గుడ్డ ట్యాగు ఉంటుంది. దాని మీద సంచి నంబరు, కుట్టిన మనిషి నంబరు. సుకుమారి నంబరు ఏడు. ఇన్నేళ్లలో ఏడో నంబరు సంచి ఒక్కటీ తిరిగి రాలేదు. కొత్తగా చేరిన ఆడవాళ్లకు వీర్రాజు చెప్పే మొదటి మాట అదే.

ఆ షెడ్డులో పాతవాళ్లకు నూలు దారమంటే ఒక నమ్మకం. సూది దిగిన ప్రతిచోటా బట్టలో సన్నని బొక్క మిగులుతుంది. పాలిస్టర్ దారం ఆ బొక్కలో వదులుగా కూర్చుంటుంది. నూలు దారం కాస్త తడి తగలగానే ఉబ్బి బొక్కను మూసేస్తుంది. అందుకే డ్రయ్యర్ సంచులకు నూలు దారమే వాడతారు. డ్రయ్యర్ సంచి మూడు నాలుగు నెలలుంటే గొప్ప. ఆ తర్వాత తీసి పారేస్తారు. దారం కుళ్లేదాకా ఏ సంచీ ఉండదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు.

రెండేళ్ల కిందట ఎండాకాలం చివర్లో మహిత అనే అమ్మాయి జీపులో వచ్చింది. హైదరాబాద్‌లో సముద్రాన్ని గురించి పరిశోధన చేసే చోట పని. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఊరు కాకినాడ. బల్ల మీద ఒక పెద్ద కాగితం పరిచింది. ఆరు మీటర్ల పొడవు, మనిషి దూరేంత వెడల్పు ఉన్న గొట్టం లాంటి సంచి బొమ్మ. మధ్య మధ్య రింగులు. ఒంటినిండా పళ్లెమంత గుండ్రటి బొక్కలు.

కోత బల్ల దగ్గరుండే ముత్యమ్మ ముందు నవ్వింది.

"ఏంది మేడమ్ ఇది? ఏనుగుకు లాగు కుట్టాల్నా?"

"ఏనుగుక్కాదు, సముద్రానికి," అంది మహిత.

"సముద్రానికైతే ఒక కాలేంది? రెండు కాళ్లు పెట్టకపోయిన్రు?"

మహితకూ నవ్వొచ్చింది. తర్వాత నిదానంగా చెప్పింది. నీళ్ల మీద ఒక బంతి తేలుతుంది. గంటగంటకూ తానెక్కడున్నదీ ఉపగ్రహానికి చెబుతుంది. అది కదిలిన దారిని బట్టి సముద్రంలో నీళ్లు ఎటు, ఎంత జోరుగా పారుతున్నాయో తెలుస్తుంది. కానీ ఒట్టి బంతిని వదిలితే గాలి తోసుకుపోతుంది. అందుకని బంతికి తాడు కట్టి, పదిహేను మీటర్ల లోతున ఈ సంచిని వేలాడదీస్తారు. సంచినిండా నీళ్లుంటాయి కాబట్టి ఆ లోతులో నీళ్లు ఎటు పోతే అది అటు పోతుంది, పైనున్న బంతిని తనతో లాక్కుపోతుంది.

"మరి గిన్ని బొక్కలెందుకు మేడమ్?" సుకుమారి అడిగింది. "మా పని అంతా బొక్కలు మూసుడే."

"బొక్కలు లేకపోతే నీళ్లలో గాలిపటంలా కొట్టుకుంటుందమ్మా. నీళ్లు లోపలికీ బయటికీ పోతుంటే నిలకడగా ఉంటుంది."

సుకుమారి ఆ మాటను మనసులో తిప్పి చూసుకుంది. అర్థమైంది. ఆ సాయంత్రమే నమూనా కుట్టి చూపించింది. మహిత రింగు మడతను రెండు చేతులతో లాగి చూసి, కుట్టును గోటితో గీకి, "మొత్తం నలభై సంచులు కావాలి, అన్నీ మీరే కుట్టండి," అంది. పోతూ పోతూ తాను తెచ్చిన ఎనిమిది దారం కోన్లు బల్ల మీద పెట్టింది. నల్లటి మందపు దారం, విదేశాలది. "ఇది తప్ప ఇంకేదీ వద్దమ్మా. ఏడాదిపైన ఉప్పునీళ్లలో ఉండాలి."

"సరే మేడమ్," అంది సుకుమారి.

నలభై సంచులు కుట్టడానికి ఇరవై రోజులు పట్టింది. మొదటి రెండింటికి ముత్యమ్మ కోత రెండంగుళాలు తప్పడంతో కుట్లన్నీ విప్పి మళ్లీ కుట్టారు. దారం అక్కడ పోయింది. చివరి రోజు శనివారం. చెన్నై ఓడరేవుకు పోయే వ్యాను అయిదింటికి వచ్చి నిలబడింది. ముప్పై ఏడో నంబరు నుంచి నలభై దాకా నాలుగు సంచులకు పై రెండు మడతలు అయ్యాయి. కింది మడతలు ఇంకా ఉండగానే ఎనిమిదో కోన్ అయిపోయింది.

వీర్రాజు ఊళ్లో లేడు. సుకుమారి ఫోను చేతిలోకి తీసుకుంది. మహిత నంబరు కాగితం మీదే ఉంది. అడిగితే ఆ పిల్ల ఇంకో కోన్ పంపేది, రెండు మూడు రోజులు ఆలస్యమయ్యేది, వ్యాను వెనక్కి పోయేది. ఇన్నేళ్లలో దారం చాలలేదని ఎవరికీ చెప్పి ఎరగదు. ఆరింటికి చర్చిలో స్త్రీల సమాజం కూడిక ఉంది, ఆమే కార్యదర్శి. ఫోను మళ్లీ పర్సులో పెట్టింది.

అలమారలో నల్లటి నూలు దారం కోన్ ఉంది. మందం అంతే. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. తడిస్తే ఉబ్బుతుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అనుకుంది. రెండు వరసలు వేయాల్సిన చోట ఒక్క వరసే వేసింది. మొదలు, చివర వెనక్కి తిప్పి కుట్టే ముడి కుట్టు కూడా వదిలేసింది. కాగితం మీద 'దారం నమూనా ప్రకారం' అన్న గడిలో నలభైకీ టిక్కు పెట్టి సంతకం చేసింది. కూడికకు పది నిమిషాలే ఆలస్యమైంది.

ఆ రోజు తాను చేసింది తప్పని ఆమెకు తెలుసు. ఎంత తప్పో తెలియలేదు, అంతే. తెలుసుకోవాలని అనుకోలేదు కూడా.

*

ఈ సంవత్సరం ఎండాకాలంలో మహిత మళ్లీ వచ్చింది. ఈసారి అరవై సంచులు కావాలి. వీర్రాజు స్వయంగా కుర్చీ తుడిచి వేశాడు. మహిత మాత్రం నేరుగా సుకుమారి మిషన్ దగ్గరికి వచ్చి, ల్యాప్‌టాప్‌ను బట్టల మీద పెట్టింది.

"మీ సంచులు ఎక్కడెక్కడ తిరిగాయో చూడండమ్మా."

అందరూ మిషన్లు ఆపి చుట్టూ చేరారు. తెర మీద బంగాళాఖాతం. నీలం మీద రంగురంగుల గీతలు, చిక్కుపడ్డ దారం ఉండను విప్పి పడేసినట్టు.

"అబ్బా, ఏం తిరిగినయే! నా మొగడు గూడ గిన్ని తిరుగుడు తిరగడు," అంది ముత్యమ్మ.

మహిత ఒకచోట పెద్దది చేసి చూపించింది. నలభై బంతుల్ని పది చోట్ల, చోటుకు నాలుగు చొప్పున, దగ్గర దగ్గరగా వదిలారట. నాలుగూ చాలాకాలం కలిసే పోతే అక్కడ నీళ్లు పెద్దగా కలవడం లేదని. తొందరగా విడిపోతే నీళ్లను ఏదో గట్టిగా చిలుకుతోందని. వానాకాలం అయ్యాక గంగ, మహానది, గోదావరి నీళ్లన్నీ వచ్చి ఉప్పునీళ్ల మీద పల్చగా పరుచుకుంటాయి. తేలిక కాబట్టి కిందివాటితో తొందరగా కలవవు. ఆ మంచినీళ్ల అంచు ఎక్కడుందో, అక్కడ ఏం జరుగుతుందో మహిత మూడేళ్లుగా పట్టుకుని చూస్తోంది.

"ఇదిగో, ఇక్కడ. నవంబరు దాకా నాలుగూ కలిసే ఉన్నాయి. చూడండి, ఒక్కసారిగా ఈ ఎర్రది విడిపోయి ఎట్లా పరిగెత్తిందో. ఇంకోచోట కూడా అంతే, డిసెంబరులో. ఇంత జోరు ఎవరూ అనుకోలేదు. ఇంకో పదిహేను రోజుల్లో గోవాలో పెద్ద సభ ఉంది. అక్కడ చెప్పబోతున్నా." ఆమె గొంతులో సంబరం తెలుస్తోంది.

"గది తెలిస్తే ఏం లాభం మేడమ్?" ముత్యమ్మే అడిగింది.

"తుపాను ఎంత బలపడుతుందో లెక్క కట్టడానికి ఒకటి. ఇంకోటి, చేపల పడవ ఇంజను ఆగిపోయిందనుకోండి. నీళ్లు దాన్ని ఎటు తీసుకుపోయి ఉంటాయో ఈ లెక్కల్ని బట్టే వెతుకుతారు. లెక్క తప్పితే ఒకచోట మనుషులుంటే ఇంకోచోట వెతుకుతాం."

సుకుమారి ఎర్రగీత వైపే చూస్తోంది. మిగిలిన మూడూ మెలికలు తిరుగుతూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఎర్రది మాత్రం ఎవరో తోసినట్టు తిన్నగా నైరుతికి పోయింది.

"మేడమ్, సంచి ఊడిపోతే మీకు తెలుస్తదా?"

"తెలుస్తుందమ్మా. బంతి మెడ దగ్గర తాడు లాగుడును కొలిచేది ఉంటుంది. సంచి ఊడితే లాగుడు పోతుంది. ఈ రెండింటికీ లాగుడు ఉంది."

పై రెండు మడతలు ఉంటే లాగుడు ఉంటుంది. ఆ మాట సుకుమారి నోటిదాకా వచ్చి ఆగింది.

"ఆ ఎర్రదాని సంచి నంబరు రాసుకున్నరా?"

"రాసుకోకుండానా? మీ ట్యాగులు చూసే కదా నేర్చుకున్నాను." మహిత ఒక పట్టిక తెరిచింది. "ముప్పై ఎనిమిది. ఆ రెండోది నలభై. ఏమ్మా, గుర్తుందా కుట్టినట్టు?"

"యాద్ లేదు మేడమ్," అంది సుకుమారి.

మహిత వచ్చే గురువారం మళ్లీ వస్తానని, కొత్త నమూనా అప్పుడు చూస్తానని చెప్పి పోయింది. ఆ సాయంత్రం దాకా సుకుమారి కుట్టింది పదకొండు డ్రయ్యర్ సంచులు. ఎప్పుడూ కుట్టేది పద్దెనిమిది.

*

ఆ ఆదివారం నెలలో మొదటిది, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న రోజు. సుకుమారి, ఆమె భర్త బర్నబా ఎప్పటిలాగే నాలుగో వరసలో కూర్చున్నారు. బర్నబా భానూర్ వైపు ఒక కంపెనీకి స్టాఫ్ బస్సు నడుపుతాడు. గొంతు పెద్దది, కీర్తనల్లో అందరికంటే ముందు పోతాడు. పాపపు ఒప్పుకోలు అందరూ కలిసి చదివేటప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఆ మాటల్లో ఎక్కడా సంచి లేదు, దారం లేదు. అందరూ కలిసి చదివితే ఎవరిది ఏ తప్పో తెలియకుండా పోతుందని ఆమెకు మొదటిసారి అనిపించింది.

వరసలు వరసలుగా లేచి ముందుకు పోతున్నారు. నాలుగో వరస లేచింది. బర్నబా దారిచ్చి నిలబడ్డాడు. తప్పు దాచుకుని బల్ల తీసుకోకూడదంటారు. ఆమె కూర్చునే ఉంది.

"లెవ్వు," అన్నాడు మెల్లగా.

"నువ్వు పో."

స్త్రీల సమాజం కార్యదర్శి బల్ల దగ్గరికి పోకపోతే వెనక ఉన్న రెండు వరసలూ చూస్తాయి. చూశాయి. బయటికొచ్చాక సమాజంలో ఉండే బ్యూలమ్మ టీచరు ఆమె దగ్గరికొచ్చి, "ఆరోగ్యం బాగలేదా అక్కా?" అని అడిగింది. "మంచిగనే ఉన్న," అంది సుకుమారి.

ఇంటికి పోయే దారిలో బర్నబా బండిని రోడ్డు పక్కన ఆపాడు.

"నాతోని ఏమన్న లొల్లా?"

"నీతోని కాదు."

"మరెవ్వరితోని? మీ అమ్మ సచ్చిపోయిన వారం గూడ నువ్వు బల్ల తీసుకున్నవు. గియ్యాల ఏమైంది?"

ఆమె చెప్పింది. శనివారం, వ్యాను, నూలు దారం, ఒక్క వరస, టిక్కు. ఎర్రగీత. పడవల సంగతి కూడా. అతను హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"నాలుగే కద. నలభైల నాలుగు."

"నీ బస్సుల నాలుగు బోల్టులు వదులుంటే నడుపుతవా?"

"నడపను. మేడమ్‌కు చెప్తవా?" అన్నాడు.

"చెప్తే ఆ పిల్ల మూడేండ్ల పని పోతది."

"చెప్పకపోతే?"

అతను బండి స్టార్టు చేశాడు. ఆ మధ్యాహ్నం కోడికూర వండింది కానీ ఉప్పు వేయడం మరిచింది. బర్నబా పక్కన ఉప్పు పెట్టుకుని తిన్నాడు.

సోమవారం పొద్దున్నే అద్దాల గదిలోకి పోయి వీర్రాజుకు చెప్పింది. వీర్రాజుది తూర్పుగోదావరి. ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లయినా యాస పోలేదు. విన్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఎవరైనా అడిగారామ్మా నిన్ను?"

"లేదు సార్."

"మరి? ఎవరూ అడగనిది మనం ఎదురెళ్లి చెప్పుకుంటామా? సముద్రంలో సవాలక్ష జరుగుతాయి. చేప కొరికిందో, ఓడ తగిలిందో. నీ దారమే తెగిందని ఎవడు చూశాడు?"

"ముప్పై ఎనిమిది, నలభై. రెండూ నేను నూలు ఏసినయే సార్."

"మిగతా రెండో?"

"ఒకదాని బంతి రెండు నెలలకే కబురు పంపుడు ఆపేసిందని మేడమ్ పట్టికల ఉండె. ఇంకోటి తెల్వది."

వీర్రాజు గొంతు తగ్గించాడు. "చూడు సుకుమారమ్మా. ఈ ఎనిమిది మంది ఆడవాళ్లకి నేను చెప్పేది నీ పేరే. రేపు ఆ అమ్మాయి వాళ్ల పెద్దాయనతో చెబుతుంది, ఆయన ఇంకొకళ్లతో చెబుతాడు. మందుల కంపెనీవాళ్లకి తెలిస్తే ఏడో నంబరు సంచులన్నీ విప్పి చూస్తామంటారు. కాదనగలనా? ఈసారి జాగ్రత్తగా కుట్టు. అరవైకీ రెండేసి వరసలెయ్యి, మూడేసెయ్యి, ఎవడొద్దన్నాడు? అదే దిద్దుకోవడం."

అతను చెడ్డవాడు కాదు. ఆమె కాన్పుకు పోయినప్పుడు మిషన్‌ను ఇంకొకరికి ఇవ్వకుండా నాలుగు నెలలు గుడ్డ కప్పి ఉంచాడు. ఆమె తలూపి బయటికి వచ్చింది. మూడు రోజులు ఆ మాటే పట్టుకుని ఉండాలని చూసింది. మిషన్ ముందు కూర్చుంటే సరిగ్గానే ఉండేది. అన్నం ముందు కూర్చుంటే ఒక పడవ, అందులో మనుషులు, వాళ్ల కోసం ఎక్కడో దూరంగా వెతుకుతున్న ఇంకో పడవ. అలాంటిది జరిగిందని ఎవరూ చెప్పలేదు. జరగలేదని కూడా ఎవరూ చెప్పలేదు.

*

గురువారం మహిత పదిన్నరకు వచ్చింది. నమూనా సంచి బల్ల మీద సిద్ధంగా ఉంది. మడతలు లాగి చూసి, "ఎప్పటిలాగే," అని నవ్వింది. వీర్రాజు టీ తెప్పించాడు.

"మేడమ్, మీతోని ఒక మాట," అంది సుకుమారి.

"టీ తాగనివ్వమ్మా ముందు," అన్నాడు వీర్రాజు.

"తాగేదాక ఆగితే చెప్పలేను సార్." ఆమె నిలబడే ఉంది. "పోయినసారి ముప్పై ఏడు నుంచి నలభై దాక నాలుగు సంచులు. మీ దారం అయిపోయింది. పైన రెండు మడతలు మీ దారంతోనే. కింద మొత్తం నూలు దారం ఏసిన. ఒకటే వరస. ముడి కుట్టు గూడ ఎయ్యలే. కాగితం మీద అన్ని సరిగున్నయని సంతకం పెట్టిన."

మహిత చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కోత బల్ల దగ్గర కత్తెర చప్పుడు ఆగింది.

"నూలంటే? కాటనా?"

"అవ్ మేడమ్."

"అప్పుడు ఫోన్ చేయలేదేం?"

సుకుమారి దగ్గర జవాబు ఉంది. వ్యాను, కూడిక, ఏడో నంబరు. ఏదీ చెప్పడానికి పనికొచ్చేది కాదు. "చెయ్యలే," అంది.

"మొన్న అడిగాను కదా, గుర్తుందా అని."

"యాదున్నది. అబద్ధం చెప్పిన."

మహిత గ్లాసు బల్ల మీద పెట్టింది. ఎవరి వైపూ చూడకుండా బొమ్మ కాగితం మీద వేలితో మూడో మడత దగ్గర గీసింది. అక్కడ తెగితే కింద నాలుగు మీటర్ల బట్ట పోతుంది. పైన రెండు మీటర్లు మిగులుతుంది. తాడుకు లాగుడు ఉంటుంది. బంతి మాత్రం సగం గాలి చేతిలోకి పోతుంది. ఆమె పెదవులు లెక్క వేస్తున్నట్టు కదిలాయి. ఫోన్ తీసుకుని బయటికి పోయింది.

గేటు దగ్గర నిలబడి మాట్లాడుతోంది. మాటలు సగం వినపడ్డాయి. "లేదు సార్... గోవా సభ నుంచి నా పేరు వెనక్కి తీసుకుందాం... కాదు సార్, నాకు వాళ్లే చెప్పారు."

వీర్రాజు సుకుమారి వైపు చూడకుండా, "సంతోషమా?" అన్నాడు. ముత్యమ్మ దగ్గరికొచ్చి, "అక్కా, కోత తప్పింది నాది. దారం పోయింది నా వల్లనే. గది గూడ చెప్పకపోతివి?" అంది గుసగుసగా.

"నీ కోత విప్పి కుట్టినం. దాంట్ల దాచిపెట్టింది ఏం లేదు," అంది సుకుమారి.

మహిత తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం కడుక్కుని వచ్చింది. కూర్చుంది. నోట్‌బుక్ తీసి అడగడం మొదలుపెట్టింది. ఏ మడత ఏ దారంతో, అంగుళానికి ఎన్ని కుట్లు, సూది ఏ నంబరు. సుకుమారి ఒక్కొక్కటే చెప్పింది. కోపంగా అడిగితే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఆ పిల్ల కోపంగా లేదు. దుకాణంలో సరుకు తూకం చూస్తున్నట్టు అడుగుతోంది.

"ఇంకో మాట. మిగతా ముప్పై ఆరు?"

"అవి మంచిగ కుట్టిన మేడమ్. మీ దారమే."

"ఎట్లా నమ్మమంటారు?"

మహిత ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలనే అడిగింది. ఇరవై రెండేళ్లలో సుకుమారిని ఎవరూ అడగని ప్రశ్న అది. ఎవరైనా అడిగితే వీర్రాజు, తిరిగొచ్చిన సంచి ఒకటి చూపించండి, అనేవాడు. ఇవాళ అద్దాల గది తలుపు దగ్గర నిలబడ్డాడు కానీ ఏమీ అనలేదు.

"నమ్మమని ఎట్ల అడుగుత మేడమ్," అంది చివరికి.

మహిత ఒక పేజీ తిప్పింది. "నాకు ఒక్కటి తెలియాలి. ఆ కుట్టు ఉప్పునీళ్లలో ఎన్నాళ్లుంటుంది. అది తెలిస్తే ఆ నాలుగింటి దారిలో ఎక్కడిదాకా నిజమో, ఎక్కడి నుంచి గాలో కత్తిరించొచ్చు. మొదటి రెండు నెలలైనా మిగులుతాయేమో. లేకపోతే మొత్తం తీసి పక్కన పెట్టాలి. ఆ నూలు దారం ఇంకా ఉందా?"

"ఉంది. అదే కంపెనీ కోన్."

"ముక్కలు కుట్టివ్వండి. చేతి పొడుగు ముక్కలు. నూలుతో పన్నెండు, నా దారంతో పన్నెండు. విశాఖలో జెట్టీ దగ్గర నీళ్లలో కడతాను. నెలకొకటి తీసి బరువు వేలాడదీసి చూస్తాం."

సుకుమారి వెంటనే అలమార వైపు కదిలింది. మహిత వెనకనుంచి పిలిచింది.

"అమ్మా. బాగా కుట్టొద్దు. ఆ రోజు ఎట్లా కుట్టారో అట్లాగే కుట్టాలి. ఒక్క వరస, ముడి లేకుండా, అదే తొందరలో. ఇంకాస్త మంచిగా కుడితే నా లెక్క మళ్లీ తప్పుతుంది."

"సరే మేడమ్."

నూలు కోన్‌ను మిషన్ మీద పెట్టి దారం ఎక్కించింది. మిగిలిన ఏడు మిషన్లూ ఆగి ఉన్నాయి, అందరూ ఇటే చూస్తున్నారు. వీర్రాజు "పని చూసుకోండమ్మా" అన్నాక ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. ముత్యమ్మ కోసిన బట్ట ముక్కలు తెచ్చి పక్కన పెట్టింది. మహిత కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది, చేతిలో నోట్‌బుక్ ఉంది.

సుకుమారి మడత వేసి, బట్టను అదిమి పట్టే మిషన్ పాదాన్ని దించింది. మిషన్ సాగింది. బట్ట చివరికి రాగానే ఆమె బొటనవేలు దానంతటదే వెనక మీటను నొక్కింది. సూది రెండు కుట్లు వెనక్కి పోయి ముందుకొచ్చింది. దారం తెంచి ముక్కను చేతిలోకి తీసుకుంది. వరస తిన్నగా ఉంది. కుట్లు దగ్గర దగ్గరగా, సమంగా పడ్డాయి. చివర ముడి గట్టిగా కూర్చుంది.

మహిత చెయ్యి చాపింది. సుకుమారి ఇవ్వలేదు.

"ఇది కాదు మేడమ్," అంది. "ఇది మంచిగ కుట్టిన. మల్ల కుడత."

ముక్కను పక్కన పడేసి, గోడ గడియారం వైపు ఒకసారి చూసి, ఇంకో మడత వేసింది.